సబ్బుది కాదు, నీళ్లది ముచ్చట

బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో ఒక చిన్న మంగలి దుకాణం ఉండేది. రెండు కుర్చీలు, గోడకు పొడవాటి అద్దం, దాని కింద చెక్కమీద పటిక బిళ్ల, దువ్వెనలు, ఒక స్టీలు గిన్నె. గిన్నె అడుగున సబ్బు. గుండ్రటి షేవింగు సబ్బునే దుకాణం నడిపే కాకా కత్తితో సన్నగా తరిగి, గిన్నెలో అదిమి, నాలుగు చుక్కలు నీళ్లు చల్లి రాత్రంతా మూతపెట్టి ఉంచేవాడు. పొద్దున్నకల్లా అది వేలు పెడితే గుంటపడే వెన్నముద్దలా తయారయ్యేది. నాన్న కుర్చీలో కూర్చుంటే నేను బెంచీ మీద కూర్చుని ఆ గిన్నెనే చూసేవాణ్ని. బ్రష్షు తిరిగిన కొద్దీ అడుగున ఉన్న పిడచ తెల్లగా పైకి లేచి గిన్నె అంచుదాకా వచ్చేది.

ఒక ఎండాకాలం మాత్రం లేవలేదు. నల్లా రాక బోరు నీళ్లు పట్టి పెట్టుకున్నాడు. ఎంత తిప్పినా పలచటి బుడగలు, మరుక్షణం మాయం. గిన్నె గోడలకు బూడిదరంగు తెట్టు. "సబ్బు పాతదైందా కాకా?" అన్నాను. "సబ్బుది కాదు బిడ్డా, నీళ్లది ముచ్చట" అని పక్క హోటల్ నుంచి చెంబెడు తాగే నీళ్లు తెప్పించాడు. గిన్నె కడిగి మళ్లీ మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో నురగ మీగడ కట్టింది.

ఆ ఒక్క మాట నాకు అర్థం కావడానికి డిగ్రీ కెమిస్ట్రీ దాకా ఆగాల్సొచ్చింది. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని తెట్టుగా మార్చేస్తాయి. నీళ్లలో ఉన్న ఆ సున్నం ఆకలి తీరేదాకా మనం వేసే సబ్బంతా దానికే పోతుంది, మిగిలిందే నురగవుతుంది. అందుకే ఉప్పునీళ్ల ఊళ్లో ఎంతసేపు గిలకొట్టినా లాభం లేదు. సబ్బు ఎక్కువ వెయ్యాలి, లేదా నీళ్లు మార్చాలి. తాగే నీటికి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఈ సున్నపు గుణం, అంటే కాఠిన్యం, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో షేవింగు గిన్నె చెప్పేస్తుంది.

బాన్సువాడకు ఈ రెండు రకాల నీళ్లూ తెలుసు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుట్టే మంజీరను ఆపి, 1923లో మొదలుపెట్టి 1931కల్లా నిజాంసాగర్ కట్టారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దానికి చీఫ్ ఇంజనీరు. బాన్సువాడ, బోధన్ పొలాలకు వరి, చెరుకు తెచ్చిపెట్టింది దాని కాలువే. నదిలో పారే వాన నీళ్లకు రాతిని కరిగించుకునే తీరిక తక్కువ. బండ సందుల్లో ఏళ్లకేళ్లు నిలిచే బోరు నీళ్లకు ఆ తీరిక బోలెడు. మా నానమ్మకు మాత్రం ఈ గొడవ లేదు. కుంకుడు రసం ఏ నీళ్లలో పిసికినా నురగొచ్చేది. కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్ సబ్బు జాతిది కాదు కాబట్టి సున్నం దాన్ని విరగ్గొట్టలేదు.

మెత్తటి సబ్బు మెత్తగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నూనెనో కొవ్వునో సోడా క్షారంతో ఉడికిస్తే గట్టి బిళ్ల వస్తుంది, పొటాష్ క్షారంతో ఉడికిస్తే మెత్తటి ముద్ద వస్తుంది. చవుడు మట్టిలో ఉండేది మొదటిది, కట్టెల బూడిదలో ఎక్కువగా ఉండేది రెండోది. పొటాష్ సబ్బు నీళ్లలో చప్పున కరుగుతుంది కాబట్టి బ్రష్షుకు తేలిగ్గా అంటుకుంటుంది. అందులో కొబ్బరినూనె బుడగలను త్వరగా లేపుతుంది, స్టియరిక్ ఆమ్లం ఆ బుడగలను నిలబెడుతుంది, గ్లిజరిన్ తడి ఆరనివ్వదు. ఇటలీలో 1899 నాటి చెల్లా అనే మెత్తటి షేవింగు సబ్బు ఉంది. మంగలి దుకాణాల కోసం దాన్ని ఇప్పటికీ కిలో ముద్దగా అమ్ముతారు. కాకా మూత కింద రాత్రంతా చేసిన పనికి అది దూరపు చుట్టం. ఆయన గట్టి సబ్బు గుణాన్ని మార్చలేదు, నానబెట్టి దాన్ని మెత్తబరిచాడంతే. అయినా బ్రష్షుకు కావలసింది దొరికింది.

ఇక చెయ్యి సంగతి. మినప గారెల పిండి రుబ్బిన వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. పిండి గట్టిగా ఉందని ఒక్కసారి నీళ్లు పోస్తే గారె నూనె తాగుతుంది. చేతితో చిలకరిస్తూ రుబ్బితే గాలి ఎక్కి, ముద్ద నీళ్లలో తేలుతుంది. నురగకూ ఇదే సూత్రం. బాదం పలుకంత సబ్బు గిన్నె అడుగున అదమాలి. పంది వెంట్రుకల బ్రష్షయితే గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు నిమిషాలు నాననివ్వాలి, ఎందుకంటే ఆ వెంట్రుక నీళ్లు తాగుతుంది. నానకముందే మొదలుపెడితే నురగలోని తడిని అదే తాగేస్తుంది. నైలాన్ బ్రష్షుకు ఆ దాహం లేదు, ముంచి తీస్తే చాలు. ఏదైనా సరే, రెండు మూడు సార్లు గట్టిగా విదిలించి, దాదాపు పొడిగానే మొదలుపెట్టాలి. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. నీళ్లోడుతున్న బ్రష్షును సబ్బు మీద పెట్టగానే బుడగలు పొంగుతాయి, పని అయిపోయిందనుకుంటాం. అది నురగ కాదు, గాలి. చెంపకు రాసి కత్తి అందుకునేలోపు ఆరిపోతుంది.

మొదటి అర నిమిషం నురగ రాకూడదు. బ్రష్షు మొనలకు జిగురులాంటి చిక్కటి పూత పట్టాలి, తిప్పుతుంటే కాస్త లాగుతున్నట్టుండాలి. అప్పుడు వేలి కొసతో మూడు నాలుగు చుక్కలు. మళ్లీ తిప్పు. మళ్లీ చుక్కలు. ఇట్లా నాలుగైదు విడతలయ్యాక పెద్ద బుడగలు అణిగి, పైన మెరుపు వస్తుంది. బ్రష్షు ఎత్తితే లేచిన కొస నిటారుగా నిలబడితే ఇంకా నీళ్లు కావాలి. మెల్లగా తల వంచితే సరిపోయింది. జారి కూలిపోతే నీళ్లెక్కువయ్యాయి. ఎక్కువైతే గిలకొట్టి ప్రయోజనం లేదు, ఇంకాస్త సబ్బు అందుకోవాలి. రెండు వేళ్ల మధ్య నురగ రుద్ది చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. వేళ్లు జర్రున జారాలి. గిన్నె నిండా పొంగిన నురగ కన్నా జారే నురగ నయం అని నా అభిప్రాయం. సినిమాల్లో ముఖం నిండా దూదిలా పూసుకునేది కెమెరా కోసం.

ముఖానికి రాసేటప్పుడు మొదట గుండ్రంగా తిప్పుతూ వెంట్రుకల కుదుళ్లదాకా పోనిచ్చి, చివర్లో సున్నం వేసినట్టు పైకీ కిందకీ సాపు చెయ్యాలి. గడ్డం వెంట్రుక నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తడిసిన వెంట్రుకను తెంపడానికి బ్లేడుకు పట్టే బలం ఎంతో తక్కువ. ఆ కాసేపు తడి ఆరకుండా చర్మానికి అంటిపెట్టుకుని ఉండటమే నురగ ఉద్యోగం. పైగా కత్తి కింద జారుడుబల్లలా పనిచేస్తుంది. 1949లో అమెరికాలో రైజ్ అనే డబ్బా నురగ వచ్చింది. నొక్కితే క్షణంలో అరచేతి నిండా వస్తుంది. గ్యాసు దాన్ని పొంగిస్తుందే గానీ, ఆ రెండు మూడు నిమిషాల నానడాన్ని డబ్బాలో పెట్టి ఇవ్వలేదు. ఆదరాబాదరాగా ఆఫీసుకెళ్లే వాళ్లను నేను తప్పుపట్టను, కానీ గదమ కింద మంట గురించి వాళ్లు చెప్పే ఫిర్యాదులు మాత్రం వినను.

బ్రష్షును మెచ్చుకుంటూ దాని మచ్చ దాచకూడదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జబ్బుపడ్డ పశువుల వెంట్రుకలతో చేసిన చౌక బ్రష్షుల వల్ల బ్రిటన్‌లో, అమెరికాలో జనానికి ఆంత్రాక్స్, అంటే మన పశువులకొచ్చే దొమ్మరోగం, సోకింది. 1920లో బ్రిటన్ జపాన్ బ్రష్షుల దిగుమతినే ఆపేసింది. ఇప్పుడు ఆ భయం లేదు గానీ, ఒకే బ్రష్షు పది చెంపల మీద తిరగడం మంచిది కాదు. కత్తిలో సగం బ్లేడు మనిషికొకటి మార్చడం దుకాణాల్లో అలవాటైంది, బ్రష్షు దాకా ఆ జాగ్రత్త అన్నిచోట్లా రాలేదు. సొంత బ్రష్షు పట్టుకెళ్తే ఎవరూ ఏమనుకోరు. వాడాక సబ్బంతా పోయేలా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట పెట్టాలి. తడి డబ్బాలో మూసిపెడితే వాసనొస్తుంది.

ఉప్పునీళ్ల ఊళ్లో ఉండేవాళ్లకు ఒక చిట్కా: నీళ్లు బాగా మరగనిచ్చి, చల్లారి, తేరాక పైనీళ్లు వంచుకోండి. గిన్నె అడుగున తెల్లటి పొరగా మిగిలేది నురగ శత్రువుల్లో కొంత భాగం. అన్ని రకాల కాఠిన్యమూ మరిగిస్తే పోదు. వాన నీళ్లు పట్టుకుంటే అసలు బాధే లేదు. ఒక గిన్నెడు నురగకు పట్టేవి కాసిని నీళ్లే కాబట్టి తాగే నీళ్లు వాడుకున్నా దుబారా కాదు.

చాకలి కొత్త, మంగలి పాత అని సామెత. మొన్న బాన్సువాడ వెళ్లినప్పుడు పాత దుకాణమే వెతికాను. కాకా లేడు. కుర్చీలు తిరిగే రకం, అద్దం చుట్టూ లైట్లు. గిన్నె లేదు, ట్యూబు క్రీము ఉంది. కాకా కొడుకు నన్ను కూర్చోబెట్టి, స్ప్రే సీసా ఖాళీ అయితే నింపుకురావడానికి లేచాడు. పక్కనే బోరు నల్లా ఉంది. అతను దాని దగ్గరికి పోకుండా మూలనున్న ఇరవై లీటర్ల తాగే నీళ్ల క్యాను వంచాడు.

"నాన్న చెప్పిండా?" అన్నాను.

"ఏంది సార్?"

"బోరు నీళ్లు పనికిరావని."

"అదేం లేదు సార్" అన్నాడు మూత బిగిస్తూ. "అవి కొడ్తె అద్దం మీద తెల్ల మచ్చలు పడ్తయి."