గోధుమగింజకు సిద్ధాంతం తెలియదు

కథనో నవలనో మెచ్చుకోదలిస్తే అందులో ‘శాస్త్రీయ దృక్పథం’ ఉందంటాం. తిట్టదలిస్తే ‘భావవాదం’ అంటాం. మొదటిమాట విజ్ఞానశాస్త్రం నుంచి తెచ్చుకున్నది, రెండోది తత్వశాస్త్రం నుంచి. ఈ రెండూ సత్యాన్ని ఒకే తీరున వెతుకుతాయన్న భ్రమ మన విమర్శలో ఉంది. తత్వం సరైనదైతే వాస్తవం దానంతటదే దారికి వస్తుందన్న ధీమా కూడా ఉంది. ఆ ధీమా సోవియట్ యూనియన్లో ఎంత పని చేసిందో మనం తగినంతగా చర్చించుకోలేదని నా అభిప్రాయం.

1948లో మాస్కోలో వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశం జరిగింది. చివరి రోజున లైసెంకో లేచి, తన నివేదికను పార్టీ కేంద్రకమిటీ పరిశీలించి ఆమోదించిందని ప్రకటించాడు. చర్చ అక్కడితో సరి. మెండెల్ జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమైపోయింది, జన్యువు భావవాద కల్పన అయిపోయింది. విశ్వవిద్యాలయాల్లో జన్యుశాస్త్ర బోధన ఆగిపోయింది. దేశదేశాలు తిరిగి పంటల విత్తనాలు సేకరించిన వావిలోవ్ అప్పటికి అయిదేళ్ల ముందే, 1943లో, సరాటోవ్ జైల్లో చనిపోయాడు. పరిసరాలు జీవిని మారుస్తాయి, ఆ మార్పు సంతతికి సంక్రమిస్తుంది అన్న లైసెంకో వాదం వినడానికి ఎంతో భౌతికవాదంగా ఉంటుంది. మనిషిని మార్చగలమని నమ్మే మనబోటివాళ్లకు మరీ నచ్చుతుంది. ప్రమాదమంతా అందులోనే ఉంది. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణం తెలిసింది. కల్పన అని తిట్టిన జన్యువు అచ్చమైన పదార్థమని తేలింది. లైసెంకో పెత్తనం మాత్రం 1965 దాకా సాగింది.

అలాగని తత్వశాస్త్రం ఉత్త కబుర్లనే వాదాన్ని నేను ఒప్పుకోను. 1935లో ఐన్‌స్టీన్, మరి ఇద్దరితో కలిసి, క్వాంటమ్ సిద్ధాంతాన్ని ప్రశ్నించాడు. మనం కొలవకముందే కణానికి నిర్దిష్టమైన గుణాలుండవా? బోర్ జవాబిచ్చాడు. చాలామంది భౌతికశాస్త్రజ్ఞులు ఇది తత్వచర్చ అని పక్కకు నెట్టి తమ లెక్కలు తాము చేసుకున్నారు. 1964లో జాన్ బెల్ ఆ ప్రశ్నను కొలతకు అందే రూపంలోకి తెచ్చాడు. గుణాలు ముందే ఉండి, ఒకచోట చేసిన కొలత దూరాన ఉన్న కణాన్ని తక్షణం ప్రభావితం చేయకుండా ఉంటే, రెండుచోట్ల తీసిన కొలతల పొంతన ఒక హద్దు దాటకూడదు. 1972లో క్లౌజర్, ఫ్రీడ్‌మన్, 1982లో ఆస్పె బృందం ప్రయోగం చేసి చూశారు. హద్దు దాటింది. ఐన్‌స్టీన్ కోరుకున్న ఆ రెండూ కలిసి నిలవలేదు. అయినా ఆయన ప్రశ్నే లేకపోతే 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధన ఎక్కడిది?

ఐన్‌స్టీన్ ఇక్కడ భౌతికవాదులకు ఇష్టమైన పక్షాన నిలబడ్డాడు. మన తత్వానికి అనుకూలం కాదని ఈ ఫలితాన్ని కొట్టిపారేస్తే లైసెంకో పక్కన చేరినట్టే. ‘ప్రపంచం మాయ అని సైన్సే ఒప్పుకుంది’ అనే వేదాంతుల సంబరమూ అలాంటిదే. ఆ ప్రయోగాల్లో యంత్రాలు కొలిచింది కాంతికణాల ధ్రువణాన్ని, ఎవరి ఆత్మనూ కాదు.

రచయితలకు దీంతో పనేమిటంటారా? కథ చివర కూలీ తిరగబడలేదేమని రచయితను నిలదీసే సమీక్షకుడు, గోధుమకు ఆదేశాలిచ్చినవాడికి దూరపు చుట్టం. ఎందుకు తిరగబడలేదన్నది అడగవలసిన ప్రశ్నే, అది తత్వం నేర్పిన ప్రశ్నే. కానీ ఆ ఊళ్లో కూలి ఎంత, అప్పు ఎంత, పని పోతే మరో పని ఎన్ని మైళ్ల దూరంలో దొరుకుతుంది అన్న లెక్కలు కథలో సరిగ్గా ఉన్నాయా లేవా అని చూసిన సమీక్షలు నాకు బహు అరుదుగా కనిపించాయి.