ముల్లును ముల్లుతో తీయగలమా?
'ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్' చలనచిత్రంపై ఒక దైవశాస్త్ర విమర్శ

విజయవాడలో మా సంఘ యౌవనస్థుల కూడికలో ఒక విద్యార్థి నన్ను ఇలా అడిగాడు: "అయ్యగారూ, ఫ్రెడ్డీ, జేసన్ ఇద్దరూ హంతకులే గదా. మరి చూసేటప్పుడు మేము ఒకరి పక్షం ఎందుకు వహిస్తాం?" అటువంటి సినిమాలు చూడవద్దని చెప్పి ఆ ప్రశ్నను దాటవేశాను. తరువాత మనస్సాక్షి గద్దించగా ఆ చిత్రాన్ని చూశాను. ఆ విద్యార్థికి ఇవ్వవలసిన జవాబే ఈ వ్యాసం.

రెండు భయానక పాత్రలను ఒకే తెరమీద పోరాడించడం కొత్త సంగతి కాదు. 1943లోనే హాలీవుడ్‌లో ఫ్రాంకెన్‌స్టయిన్ సృష్టించిన రాక్షసునికీ తోడేలు మనిషికీ పోరు పెట్టారు. 'ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్' 2003లో రోనీ యూ దర్శకత్వంలో వచ్చింది. జేసన్ కథ 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్'తోనూ, ఫ్రెడ్డీ కథ 1984లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'తోనూ ఆరంభమయ్యాయి. ఫ్రెడ్డీని సృష్టించిన వెస్ క్రేవెన్ బాప్టిస్టు కుటుంబంలో పెరిగి, వీటన్ అనే క్రైస్తవ కళాశాలలో చదివినవాడని మన పాఠకులు గమనించాలి.

ఈ ఇద్దరి పుట్టుకలోనూ పెద్దల పాపమున్నది. ఫ్రెడ్డీ పిల్లలను చంపినవాడు. చట్టంలోని లోపం వలన విడుదల కాగా, తల్లిదండ్రులే అతణ్ణి తగులబెట్టి ఆ సంగతి దాచిపెట్టారు. జేసన్ కాపలాదారుల అజాగ్రత్త వలన సరస్సులో మునిగిన బాలుడు. అతని తల్లి పగతో హంతకురాలైంది. పెద్దల పాపఫలం పిల్లల మీదికి వచ్చుటను గూర్చిన సామెతను యెహెజ్కేలు 18వ అధ్యాయం ప్రశ్నిస్తుంది. ఈ కథలు మాత్రం ఆ సామెత దగ్గరే ఆగిపోయాయి.

2003 చిత్రంలో ఊరి పెద్దలు ఫ్రెడ్డీ పేరెత్తరు. పిల్లలకు కలలు రాకుండా మాత్రలు మ్రింగిస్తారు. భయపడేవారు లేక ఫ్రెడ్డీ బలహీనుడవుతాడు. అందుకని జేసన్ తల్లి రూపం ధరించి, అతణ్ణి రేపి ఆ ఊరికి పంపుతాడు. హత్యలు జరుగగా భయం తిరిగి వస్తుంది. అయితే జేసన్ ఆగడు. ఫ్రెడ్డీకి దక్కవలసినవారిని తానే చంపుతాడు. వారి వైరానికి కారణం ఇదే. వీరిలో ఎవరూ మనుష్యులను రక్షించుటకు పోరాడలేదు.

చివరకు యువతీయువకులు జేసన్ గెలిస్తే తన సరస్సు దగ్గరే ఉండిపోతాడని తలంచి, అతణ్ణి అక్కడికి తీసుకుపోతారు. ప్రేక్షకులు పక్షం వహించుటకు కారణం ఇక్కడ తేటపడుతుంది. రక్షకుడు లేని కథలో మనస్సు చిన్న దుష్టుణ్ణి వెదకుకుంటుంది. కాని ముగింపులో జేసన్ ఫ్రెడ్డీ తలను పట్టుకొని నీళ్లలోనుండి వస్తాడు. ఆ తల కన్ను గీటుతుంది. ఇద్దరిలో ఎవరూ నశించలేదు.

మార్కు 3:23–27లో ప్రభువు సాతాను సాతానును ఎలా వెళ్లగొట్టునని అడుగుతున్నాడు. కొందరు ఈ భాగాన్ని దుష్టత్వం తనలో తాను చీలిపోయి నశించునని మాత్రమే బోధిస్తారు. అయితే ప్రభువు వాదం అక్కడ ఆగలేదు. బలవంతుణ్ణి ముందుగా బంధించేవాడొకడు రావాలి. అట్టివాడు రానప్పుడు ఇద్దరు బలవంతుల పోరులో పాడయ్యేది ఇల్లే. ఈ చిత్రం తెలియకుండానే ఆ సత్యానికి సాక్ష్యమిస్తున్నది.

మన తెలుగు ప్రేక్షకులకు 2009లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'అరుంధతి' మరింత దగ్గరిది. అందులో పశుపతిని జయించుటకు జేజమ్మ తన ప్రాణమిచ్చి, తన ఎముకలనే ఆయుధంగా ఇస్తుంది. కీడును జయించుటకు మరొక కీడు కాక, ఒకరు తన్ను తాను అర్పించుకొనుట అవసరమని ఆ కథకు తెలుసు. అయినను ఆ అర్పణ శత్రువును చంపుటకే. సిలువ శత్రువులమైన మన కొరకు (రోమా 5:8–10). ఈ భేదాన్ని మన ప్రసంగాలలో స్పష్టం చేయాలి.

ఈ చర్చ తెరకు మాత్రమే చెందినది కాదు. మన డెల్టా గ్రామాలలో చేతబడి అనే అనుమానం రాగానే మరొక మాంత్రికుని యొద్దకు పోవుట ఉన్నది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. గుడివాడ దగ్గర ఒక గ్రామంలో నేను సేవచేసిన కాలంలో ఒక విశ్వాసురాలు జ్వరపడిన తన బిడ్డకు తాయెత్తు కట్టి, నేను ఇంటికి వెళ్లినప్పుడు దానిని చొక్కా క్రింద దాచింది. ఆమె అవిశ్వాసాన్ని బట్టి నేను కోపపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె తన భయాన్ని నాతో చెప్పుకొనకుండా చేసినది నా గద్దింపులే. ఆ ఊరి పెద్దలు మాత్రలతో చేసినది నేను ప్రసంగాలతో చేశాను. భయం పోలేదు, చొక్కా క్రింద దాగినది.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడ ఉన్నది. సంఘకాపరినే పెద్ద మాంత్రికునిగా, ప్రార్థించిన నూనెను తాయెత్తుకు పోటీగా చూపితే, మనము కూడ ఇద్దరు బలవంతుల పోరునే ప్రదర్శించినవారమవుతాము.

కనుక వేదాంత విద్యార్థులు ఈ చిత్రాలను మెచ్చుకొనవలెనని కాదు. ఇందులోని రక్తపాతం చాలావరకు వ్యాపారమే. అయితే యౌవనస్థులు వీటిని గూర్చి అడిగినప్పుడు నోరు మూయించక, "నీకు దేనిని గూర్చి భయం?" అని మనమూ అడగాలి. ఆ విద్యార్థిని మరల కలిసి నేను అడిగినది అదే. ఆ సాయంకాలం అతడు సినిమాను గూర్చి మాట్లాడలేదు, తన యింటిని గూర్చి మాట్లాడాడు.