సంగీతము నడుమ సంభాషణలు

మదరాసులో ఆలిండియా రేడియో నిలయము 1938 జూన్ 16న ప్రారంభమైనది. పురసవాక్కము వంటి పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు రేడియో టిక్కెట్టు అక్కఱలేని సంగీతసభ. బడిలో తెలుగు చదువని మన పిల్లలు పెక్కుమందికి త్యాగరాజ కృతులలోని తెలుగు చెవిని బడినది దానివలననే.

ఇటీవల శాస్త్రీయ సంగీత ప్రసారముల నడుమ ప్రశ్నల పోటీలు, ఫోను పలకరింపులు, పరిహాసములు చొరబడుచున్నవి. తోడి ఆలాపన ముగిసి, గాంధారము ఇంకను చెవిలో మ్రోగుచుండగనే "ఇది ఏ రాగము?" అను ప్రశ్న వచ్చినచో రసభంగము కాక మఱేమగును? ఇది మన యొక్కరి మొర కాదు. ఇంగ్లాండులో బి.బి.సి. రేడియో త్రీ శ్రోతలును ఇట్లే వాపోయిరి.

పోటీల వలన క్రొత్తవారు సంగీతమునకు చేరువయగుదురని కొందఱందురు. అది త్రోసివేయదగిన మాట కాదు. కాని రాగము పేరు ఊహించుట వేఱు, రాగమును వినుట వేఱు. పూర్వము ప్రకటనకర్తలు రాగము, తాళము, వాగ్గేయకారుడు, గాయకుడు అను నాలుగు సంగతులు చెప్పి తప్పుకొనెడివారు. దానికి కృతి భావమును ఒక్క వాక్యములో, నిర్దుష్టమైన ఉచ్చారణతో చేర్చిన చాలును. తెలుగునకు దూరమగుచున్న మన పిల్లలకు కావలసినది ఆ వాక్యమే. పోటీలకు వేఱొక వేళ కేటాయింపవచ్చును.

2016 జనవరి 26న ఆకాశవాణి "రాగం" అను పేర ఇరువదినాలుగు గంటల శాస్త్రీయ సంగీత ప్రసారమును ప్రారంభించినది. వినువారున్నారని నిలయములు ఎఱుగకపోలేదు. ఏది బాగున్నదో, ఏది చెఱుపు చేయుచున్నదో శ్రోతలమైన మనము ఒక కార్డు ముక్కయైన వ్రాసి తెలుపవలెను.