కొనే రొట్టె, పట్టే రొట్టె

నెల్లూరు రొట్టెల పండుగలో రొట్టెకు రుచితో పనిలేదు. గోధుమపిండి ముద్దను ఒత్తి, పెనం మీద రెండువైపులా కాలిస్తే అయిపోతుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గాలో 12 మంది అమరుల సమాధులను దర్శించుకుని, పక్కనే ఉన్న స్వర్ణాల చెరువులోకి దిగి ఆ రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. తీరినవాళ్లు మరుసటేడు అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరికిస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. ఇచ్చేవాళ్లది ఏ మతమని పుచ్చుకునేవాళ్లు అడగరు.

కొడుకు ఉద్యోగం కోసం మా పిన్ని ఓసారి రొట్టె పట్టింది. ఉద్యోగమొచ్చిన ఏడు, తెల్లారకముందే తలస్నానం చేసి పిండి కలపడానికి కూర్చుంది. "నడుము నొప్పంటివే పిన్నీ, అక్కడే అమ్ముతారుగా" అన్నాను. "నా మొక్కు ఊళ్లోవాళ్ల చేత తీర్పించమంటావేందిరా?" అని కసిరింది.

పిన్ని మాట పిన్నిది. దూరాన్నుంచి పిల్లాజెల్లాతో రైలు దిగినవాళ్లు పిండి ఎక్కడ పిసుకుతారు? పొయ్యి సెగ ముందు కూర్చుని వాళ్లకోసం కాల్చి అమ్మే ఆడమనిషికి ఆ పండుగే కూలి. దాన్ని వ్యాపారమని ఈసడించలేను.

తిండి వారసత్వమనగానే మనకు భౌగోళిక గుర్తింపు గుర్తొస్తుంది. తిరుపతి లడ్డూకు 2009లో, హైదరాబాద్ హలీంకు 2010లో వచ్చింది. దినుసులు, తయారీ పద్ధతి నమోదు చేయిస్తే నకిలీలను నిలదీయొచ్చు. ఈ రొట్టెకు ఆ దారి లేదు. దాచుకోదగ్గ కిటుకేదీ ఇందులో లేదు, ఏ ఇంటి పెనం మీదైనా అవుతుంది. దీని విలువంతా పైసా మారకుండా చేతులు మారడంలో ఉంది. పట్టుకున్నవాళ్లు ముక్కూమొహం తెలియని మనిషికి బాకీపడతారు. ఆ బాకీ తీర్చేదీ ఇంకో తెలియని మనిషికే.

నా భయం అక్కడే. అట్టముక్క మీద 'వీసా రొట్టె' అని రాసి ధర కట్టిన నాడు, కొన్నవాడు ఎవరికీ బాకీ ఉండడు. కోరిక తీరినా మళ్లీ రావలసిన పనుండదు. అలాంటి కొనుగోలుదార్లు ఎక్కువైతే చెరువులో ఇచ్చేవాళ్లే కరువవుతారు.

అందుకే ఒక మనవి. ఇవ్వడానికి రొట్టె కొనుక్కోండి, తప్పులేదు. కోరికతో పట్టే రొట్టెను మాత్రం డబ్బిచ్చి తెచ్చుకోకండి. నీళ్లలో కాసేపు ఎదురుచూసి పట్టుకోండి, తీరిన ఏడు మళ్లీ వచ్చి ఇచ్చి వెళ్లండి.