తులసమ్మ ఒప్పుకోని రాజీ

'వడ్డెబోయిన తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి' తీర్పును లా విద్యార్థులు హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కోసం చదువుతారు. సాహిత్యం చదువుకున్న నేను అందులోని కథ కోసం చదివాను. 1977లో సుప్రీంకోర్టు అప్పీలును తేల్చేనాటికి శేషారెడ్డి లేడు. పేరు పక్కన 'మృతుడు, వారసుల ద్వారా' అని ఉంటుంది. మగవాడు పోయినా ఆస్తి మీద అతని మాట పోదు!

తులసమ్మ భర్త 1931లో, ఉమ్మడి కుటుంబంలో ఉండగానే చనిపోయాడు. శేషారెడ్డి ఆయనకు సవతి సోదరుడు. 1944లో ఆమె కోర్టు ఫీజు కట్టుకోలేని మనిషిగా నెల్లూరు మున్సిఫ్ కోర్టులో మనోవర్తి అడిగింది. 1946లో డిక్రీ వచ్చింది. అప్పుడు శేషారెడ్డి, మేమిద్దరం 1945లోనే రాజీపడ్డామన్నాడు. ఆమె కాదంది. కోర్టూ ఆమె మాటే నమ్మింది. అయినా డిక్రీ అమలు దగ్గర 1949లో రాజీ కుదిరింది: భూమి అనుభవించవచ్చు, అమ్మకూడదు, ఆమె తర్వాత అతనికే చెందాలి. ఒక రాజీని ఎదిరించి గెలిచిన మనిషి మూడేళ్ళకే ఇంకో రాజీకి ఎందుకు ఒప్పుకుంది? అంత పెద్ద తీర్పులో ఈ ప్రశ్నే లేదు. నాకు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

1961లో ఆమె కొంత భూమి అమ్మింది. మళ్ళీ దావా. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టులో గెలిచింది.

నేనుండేది బేగంబజార్‌లో. నిజాం అలీఖాన్ భార్య హుందా బేగం వర్తకులకిచ్చిన స్థలమని చెప్తారు. ఇవ్వగలిగింది కాబట్టే ఆమెది అయింది. (ఆ నేల మీద ఇప్పుడు ఎన్ని 'అండ్ సన్స్' బోర్డులో!) తులసమ్మకు లేకుండా చేసిందీ ఆ ఇవ్వగలగడాన్నే.

జస్టిస్ ఫజల్ అలీ ధర్మశాస్త్రాలన్నీ తిరగేసి, మనోవర్తి దయాభిక్ష కాదు, ఆస్తి మీద హక్కేనన్నారు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన భూమి కనుక రాజీలోని షరతులు చెల్లవన్నారు. గొప్ప మాటే. కానీ ఆమె గెలిచింది ఆ ఇంటి మనిషిగా కాదు, ఆ ఇంట్లో తిండికి హక్కున్న విధవగా. అలాంటి పాత హక్కేదీ చూపలేని ఆడవాళ్ళకు వీలునామాతోనో, దానపత్రంతోనో షరతు పెట్టి భూమి ఇస్తే 14(2) కింద ఆ షరతు అలాగే నిలుస్తుంది. ఎవరు ఏ గడపలోకి వస్తారన్న దానిపై ఏళ్ళ తరబడి తీర్పులు ఒకదానికొకటి పొసగక, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చిక్కును విస్తృత ధర్మాసనానికి నివేదించింది. తులసమ్మ పేరు మళ్ళీ కాగితాలకెక్కింది. 1949 నాటి ఆ రాజీ గురించి మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.