అడ్డుగాలి లెక్క

చేతికి తెలియనిది తెరకు తెలియదని నేను వాదించుచుండుట ఈ శీర్షికను ఏండ్లుగా చదువువారికి క్రొత్త కాదు. గడచిన ఆదివారము, ఇచ్చటి ఐఐటీలో పరిశోధన చేయుచున్న మా మేనల్లుడు ఇంటికి వచ్చి, కరగిన పాలియెస్టరు పోగులను చల్లార్చు గాలిని కంప్యూటరు తెరపై ఎరుపు నీలి రంగులలో చూపుచు, "మావయ్యా, ఏ పోగు ఎక్కడ గట్టిపడుతుందో ముందే తెలిసిపోతుంది" అన్నప్పుడు నాలో ఆ పాత పట్టుదలయే తల యెత్తెను.

నా మనస్సు చిన్ననాటి మా ఊరి గోల్‌బజారునకు పోయెను. రైల్వే వర్క్‌షాపులో పనిచేయుచుండిన మా తండ్రిగారు జీతమునాటి సాయంకాలము నన్ను అచ్చటికి తీసికొనిపోయెడివారు. బెంగాలీలు బుడిర్ చుల్ అనియు, మనవారు పీచుమిఠాయి అనియు పిలుచుదానిని చేయు వృద్ధుడొకడు, సన్నని రంధ్రములనుండి చిమ్ముకొనివచ్చిన పంచదార పాకము గాలి సోకిన క్షణముననే దారములై బిగిసికొనుచుండగా, వానిని పుల్లకు చుట్టుచుండెడివాడు. గాలి విసరుగా వీచినచో తన వీపునే అడ్డుపెట్టెడివాడు. తేమకు దారములు జిగురై క్రుంగిపోవునని ముసురుపట్టిన నాడు పొయ్యియే వెలిగించెడివాడు కాడు. ఆ వీపునకు తెలిసిన విద్య ఏ యంత్రమునకు తెలియునని మేనల్లుని అడిగితిని.

అతడు వాదింపలేదు, తన పోగుల సంగతి చెప్పెను. సుమారు 290 డిగ్రీల వేడిలో కరగిన పాలియెస్టరు వెండ్రుకవంటి ధారలై దిగి, నిమిషమునకు 3,000 మీటర్లకు మించిన వేగముతో చుట్టుకొనబడుచుండును. ప్రక్కనుండి వీచు చల్లగాలి ముందువరుస పోగులను తాకి తాను వేడెక్కి, వెనుకవరుసకు ఆ వేడితోనే చేరును. చల్లారుటలో వ్యత్యాసము వచ్చినచో పోగుల సన్నదనము మారును, రంగు సమముగా పట్టదు, నేసిన బట్టపై చారలు తేలును. ఆ వేగమునకు వ్రేలు అందదు. పోగులనడుమ వీపు అడ్డుపెట్టుటకు చోటు లేదు. అచ్చట లెక్కయే కన్ను. ఇంతకాలము నేను చేసిన వాదము ఈ పోగులయెడ చెల్లదు.

కాని ఆ లెక్క ఎచ్చటనుండి పుట్టెనని అడుగక ఉండలేకపోతిని. 1965లో జపానునందు కాసే, మత్సువో అను ఇరువురు ప్రకటించిన సూత్రమే నేటికిని ఇట్టి గణనలకు ఆధారమట. అందు పోగునకు అడ్డముగా వీచు గాలివేగము 8తో హెచ్చింపబడును. ఆ 8 కాగితముపై ఊహించినది కాదు. వేడిచేసిన తీగను గాలిలో నిలిపి, అది కోల్పోవు వేడిమిని కొలిచి తెచ్చినది.