రుతువు చెప్పినట్టు బస్తర్ ఇల్లు

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి బయల్దేరిన 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం దాటి, కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టి, సుక్మా మీదుగా బస్తర్‌లోని జగదల్‌పూర్ చేరుతుంది. ఆ దారిలో సరిహద్దు ఎక్కడ దాటామో బోర్డులు చూస్తే తప్ప తెలియదు. కుంటలోనూ, ఇంద్రావతికి దగ్గర్లోని భోపాలపట్నంలోనూ తెలుగు వినిపిస్తుంది. ఇక్కడి దోర్ల ఆదివాసీలు మన గోదావరి కోయలకు అయినవాళ్లే. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు వచ్చి ఇక్కడ రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. బస్తర్ మనకు అంత దగ్గరిది. అయినా అక్కడి ఇళ్లలో ఏం వండుకుంటారో, ఒంటికి ఏం రాసుకుంటారో, తీరిక వేళ చేతులతో ఏం చేస్తారో మనకు పెద్దగా పట్టలేదు. పట్టించుకుంటే మన వంటింటికీ పనికొచ్చే విద్య అక్కడ చాలా ఉంది.

ఆ విద్యలో మొదటి పాఠం కాలం. ఏ వస్తువునైనా దాని వేళ రాకముందు ముట్టుకోరు. గోండు, కోయ గూడేల్లో ‘పండుం’ అనే పండుగ జరిగేదాకా కొత్త పంట నోట పెట్టరు. మామిడికి మార్క పండుం ఉంది. కొత్త బియ్యానికి నవాఖాని ఉంది. ముందు పెద్దలకూ దేవతలకూ పెట్టి, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ తింటారు. ఇది భక్తి మాత్రమే కాదు, అడవిని కాపాడే కట్టుబాటు కూడా. టెంక ముదరని కాయను కోస్తే తినడానికి రుచీ ఉండదు, మొలవడానికి విత్తూ మిగలదు. ఊరంతా ఒక్క మాట మీద ఆగితే చెట్టుకు తన పని తాను చేసుకునే వ్యవధి దొరుకుతుంది. బస్తర్ వంటకాలు, అలంకారాలు, చేతిపనులు అన్నీ ఈ ఓపిక మీదే నిలబడ్డాయి.

ఎండాకాలం: ఇప్పపువ్వు లడ్డు

మార్చి, ఏప్రిల్ నెలల్లో బస్తర్ పల్లె తెల్లవారకముందే లేస్తుంది. ఇప్పపువ్వు రాత్రి పొద్దుపోయాక రాలడం మొదలుపెట్టి, తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుంటుంది. లేత పసుపు రంగులో, కండగా, రసంతో ఉండే పువ్వు అది. ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని వంగి ఒక్కొక్కటే ఏరతారు. ఎండ ముదిరితే పువ్వు వాడిపోతుంది, పశువులు తినేస్తాయి. అందుకే అంత తొందర.

ఏరిన పువ్వును చాపల మీద నాలుగైదు రోజులు ఎండబెడతారు. ఎండేకొద్దీ రంగు ఎర్రబడి గోధుమ వన్నెకు తిరుగుతుంది. తేమ పోయాక మిగిలే బరువులో దాదాపు సగం చక్కెరలే. అందుకే ఇది సారాకు ముడిసరుకైంది. బయటివాళ్లకు ఇప్పపువ్వు అనగానే సారాయే గుర్తొస్తుంది కానీ, కరువు రోజుల్లో ఆదివాసీ ఇళ్లను ఆదుకున్న తిండి కూడా ఇదే.

లడ్డు చేయడం తేలిక. ఎండు ఇప్పపూలు రెండు కప్పులు తీసుకుని, లోపలి కేసరాలు దులిపి, ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడిగి, బట్ట మీద ఆరబెట్టాలి. ఒక కప్పు నువ్వులు, అర కప్పు పల్లీలు విడివిడిగా దోరగా వేయించి పెట్టుకోవాలి. అదే మూకుడులో చెంచాడు నెయ్యి వేసి, పూలను సన్నని సెగ మీద వేయించాలి. పువ్వు కాస్త ఉబ్బి, కమ్మని వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా విరిగితే చాలు. అంతకన్నా ఉంచితే చేదెక్కుతుంది. చల్లారాక అన్నీ కలిపి రోట్లో దంచాలి. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పాలి. నువ్వుల్లోని నూనె, పువ్వులోని తీపి కలిసి ముద్ద దానంతటదే బిగుస్తుంది. తీపి ఎక్కువ కావాలనుకుంటే గుప్పెడు బెల్లం తురుము కలపొచ్చు. ఉండలు చుట్టుకోవాలి. నీటిచుక్క తగలకపోతే లడ్డూలు పది రోజులు నిల్వ ఉంటాయి.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఈ లడ్డూలనే చేసి అమ్ముతున్నారు. బస్తర్‌లోనూ మహిళా సంఘాలు ఇదే బాట పట్టాయి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పువ్వు స్పష్టంగా కనబడాలని చెట్టు కింద రాలిన ఆకులకు నిప్పు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ నిప్పే ఒక్కోసారి కార్చిచ్చవుతుంది. చెట్టు కింద వల గానీ పాత చీర గానీ కట్టి పట్టిన పువ్వుకు మన్నంటదు, అడవీ కాలదు, ధరా ఎక్కువ పలుకుతుంది. తిండికి కొనేవాళ్లు అలా పట్టిన పువ్వే అడగాలి.

సారపప్పు, చింతపండు

అదే ఎండల్లో సారపండ్లు నల్లబడతాయి. బస్తర్‌లో ఈ పండును చార్ అంటారు. తియ్యటి తొక్క తినేసి, గింజ పగలగొడితే సారపప్పు వస్తుంది. ఒకప్పుడు సంతకొచ్చిన వర్తకులు ఉప్పు కొలిచిపోసి ఇంత విలువైన పప్పును పట్టుకెళ్లేవారు. అడవి సంపద ఎంత చవగ్గా చేతులు మారిందో చెప్పడానికి ఆ ఒక్క బేరం చాలు.

సారపప్పు మిఠాయిలకే కాదు, ముఖానికీ మంచిది. రెండు చెంచాల పప్పును రాత్రి పాలలో నానబెట్టి, పొద్దున్నే మెత్తగా నూరి, చిటికెడు పసుపు కలిపి ముఖానికి పట్టించాలి. పూర్తిగా ఎండిపోకముందే, పావుగంటకు తడిచేత్తో మెల్లగా రుద్ది కడిగేయాలి. పప్పులోని నూనె చర్మాన్ని మెత్తబరుస్తుంది, పలుకుదనం మురికిని తీస్తుంది. గింజలు పడనివాళ్లు దీన్ని వాడకూడదు, మిగతావాళ్లు కూడా ముందు మోచేతి మడత దగ్గర రాసి చూసుకోవాలి.

జగదల్‌పూర్ చింతపండు మార్కెట్ దేశంలోనే పేరున్నది. ఎండాకాలమంతా ఆడవాళ్లు పీచు, గింజ తీసి పండును అట్లుగా తడతారు. పిల్లలకు మాత్రం గింజ తీసిన చింతపండులో బెల్లం, ఉప్పు, ఎండుమిర్చి వేసి దంచి, పుల్లకు గుచ్చి ఇస్తారు. మన ఊళ్లలో పిల్లలు చప్పరించే చింతపండు ఉండ ఇదే.

తొలకరి: ఇప్పనూనె

పువ్వు రాలిన చెట్టుకే జూన్, జూలైల్లో కాయలు పండుతాయి. ఆ గింజను బస్తర్‌లో టోరా అంటారు. పలుకులు ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, అల్లిన చిన్న బుట్టల్లో కూరి, రెండు బరువైన దుంగల మధ్య నొక్కి నూనె తీయడం పాత పద్ధతి. ఇప్పుడు చాలా ఊళ్లలో మిల్లు పట్టిస్తున్నారు. ఈ నూనె వేసవిలో పారుతుంది, చలికాలంలో వెన్నలా గడ్డకడుతుంది. ఒంటికి రాసుకోవడానికి ఆ గుణమే దీన్ని ప్రత్యేకం చేసింది. కాళ్ల పగుళ్లకు, ఎండిన పెదవులకు, పసిపిల్లల ఒంటికి రాస్తారు.

ఇంట్లో లేపనం చేసుకోవాలంటే నాలుగు చెంచాల ఇప్పనూనె, ఒక చెంచా తేనెమైనం తురుము చాలు. గిన్నెలో వేసి, దాన్ని మరుగుతున్న నీళ్ల గిన్నెలో పెట్టి, మైనం కరగగానే దించాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు. కాస్త చల్లారాక చిన్న సీసాలో పోస్తే గంటలో బిగుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు కడిగి తుడిచి రాసుకుంటే, వారంలో తేడా తెలుస్తుంది.

నూనె తీశాక మిగిలే చెక్కను పారేయరు. నీళ్లలో నానబెడితే నురుగు వస్తుంది, దాంతో తల రుద్దుకుంటారు. కళ్లలో పడితే మంట పుడుతుంది, కడుపులోకి పోతే ప్రమాదం. వాగుల్లో చేపలకు మత్తు పెట్టడానికి వాడేది కూడా ఈ చెక్కే కాబట్టి, పిల్లలకు అందకుండా ఉంచాలి.

వానలు: ఆకు, పుల్ల

వానలతో గుగ్గిలం చెట్ల కింద బోడా పుట్టగొడుగులు నేలను చీల్చుకొస్తాయి. గుగ్గిలం వేళ్లతో ముడిపడి పెరిగే జాతి కావడంతో వీటిని పొలంలో సాగు చేయలేరు. సంతకు వచ్చిన కొద్ది రోజుల్లోనే కొనుక్కోవాలి, ధర కూడా గట్టిగానే ఉంటుంది.

వానలకు ముదిరిన అడ్డాకు చేతిపనికి వస్తుంది. రెండు చీలికలుగా, అరచేతికన్నా వెడల్పుగా ఉండే ఆకు అది. దాని తీగ నారతో తాళ్లు పేనతారు, గింజలు కాల్చుకు తింటారు. దొప్ప కుట్టడం పిల్లలు కూడా నేర్చుకోవచ్చు. ఆకు నున్నటి వైపు లోపలికి వచ్చేలా పట్టుకుని, అంచును ఒక చోట రెండు మడతలుగా ఒత్తి, సన్నగా చీరిన వెదురు పుల్లను లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి గుచ్చి విరవాలి. ఇలా ఎదురెదురుగా నాలుగు చోట్ల చేస్తే దొప్ప నిలబడుతుంది. విస్తరికైతే మధ్యలో ఒక ఆకు పెట్టి, చుట్టూ మిగతావి సగం సగం ఒకదాని మీదకొకటి వచ్చేలా కుడతారు. ఆకు ఎండి బిరుసెక్కితే నీళ్లు చిలకరించి తడిబట్టలో చుట్టి ఉంచాలి. అడ్డాకు దొరకని ఊళ్లలో మోదుగాకు, బాదమాకు ఉన్నాయి.

చలికాలం: తిఖూర్, సొరబుర్ర

మనం పాలగుండ అనేదాన్ని బస్తర్‌లో తిఖూర్ అంటారు. పసుపు కుటుంబానికి చెందిన అడవి దుంప ఇది. ఆకులు ఎండిపోయాక, చలికాలంలో తవ్వుతారు. దుంపల్ని కడిగి, గరుకు రాయి మీద అరగదీసి, ఆ గుజ్జును నీళ్లలో కలిపి బట్టలో వడకడతారు. రాత్రంతా కదపకుండా ఉంచితే పిండి అడుగున పేరుకుంటుంది. పొద్దున పైన తేలిన పచ్చటి చేదు నీళ్లు ఒంపేసి, కొత్త నీళ్లు పోసి కలిపి మళ్లీ వదిలేస్తారు. ఒంపిన నీళ్లు తేటగా వచ్చి, వేలితో నాలుక మీద వేసుకుంటే చేదు తగలకుండా పోయేదాకా ఇదే పని. ఆ తర్వాత ఎండబెడితే తెల్లని గడ్డలవుతాయి. దుంప బరువులో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా పిండి దక్కుతుంది. ధర ఎందుకంత ఎక్కువో ఈ శ్రమ చూస్తే అర్థమవుతుంది. జగదల్‌పూర్‌లోని షహీద్ గుండాధూర్ వ్యవసాయ కళాశాల ఈ పంట మీద పనిచేస్తోంది.

తిఖూర్ బర్ఫీకి ఒక కప్పు పిండిని నాలుగు కప్పుల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఒక కప్పు చక్కెర వేసి సన్నని సెగ మీద తిప్పుతూనే ఉండాలి. తెల్లగా ఉన్నది చిక్కబడి అద్దంలా నిగనిగలాడగానే యాలకుల పొడి వేసి, నెయ్యి రాసిన పళ్లెంలో పోయాలి. చల్లారాక ముక్కలు కోసుకోవచ్చు. పైన సారపప్పు చల్లితే బస్తర్ విందే.

ముదిరి తీగ మీదే ఎండిన సొరకాయ కూడా ఈ కాలానిదే. పైన బెజ్జం చేసి, నీళ్లు పోసి లోపలి గుజ్జు కుళ్లనిచ్చి, గింజలతో సహా కడిగేసి ఎండబెడితే బుర్ర తయారు. అందులో రాగి అంబలి పోసుకుని పొలానికి వెళ్తారు. కాల్చిన కత్తి మొనతో పై తొక్క మీద చేపలు, ఆకులు, గీతలు గీస్తే అదే కళాఖండం. కొండగావ్, నారాయణపూర్ ప్రాంతాల కళాకారులు ఇప్పుడు వీటిని దీపాల గూళ్లుగా మలుస్తున్నారు.

విలువ ఎవరికి?

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని అడవిలో బతికేవారికే ఇచ్చింది. కానీ ఎండు పువ్వును, గింజను బస్తాల్లో అమ్ముకున్నంతకాలం లాభం దళారీదే. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎండు ఇప్పపువ్వుకు కట్టిన మద్దతు ధర కిలోకు 30 రూపాయలు. అదే పువ్వు లడ్డు అయితే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఆ తేడా మొత్తం ఆడవాళ్ల చేతిపనిది. ఆ పనికి దక్కాల్సిన డబ్బు వాళ్లకే చేరాలి.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. ఈ ఏడు ఇందులో ఏదో ఒక్కటి చేసి చూడండి. సరుకు మహిళా సంఘాల దగ్గరో, సంతలో ఏరి తెచ్చిన మనిషి దగ్గరో కొనండి, బేరమాడకండి. కాలం కాని కాలంలో అడగకండి. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లోనే రాలుతుంది, తిఖూర్ చలికాలంలోనే తవ్వకానికి వస్తుంది. అంతవరకు ఆగడం మనకూ అలవాటైతే, ఆ అడవికీ ఆ చేతులకూ మనం చేయగల మేలు అదే.